చెమట పట్టని నడక

లిఫ్టులు బాగుచేసేవాడికి లిఫ్టు ఎక్కే యోగం ఉండదు. నవ్వొచ్చే మాటే కానీ నిజం. లిఫ్టు సవ్యంగా నడుస్తున్నంత కాలం అతన్ని ఎవరూ తలుచుకోరు. పిలిచారంటే అది ఏ ఏడో అంతస్తులోనో మొరాయించి కూర్చుందని అర్థం. మోటారు గది చూస్తే మేడ మీద ఉంటుంది. ఇక చేసేదేముంది, పనిముట్ల సంచి తగిలించుకుని మెట్లెక్కి పోవడమే. అలా ముప్పై ఒక్క ఏళ్ళు ఎక్కాడు గనక తోటి మెకానిక్కులు అతనికి 'మెట్ల మేస్త్రీ' అని పేరు పెట్టారు. రానురాను ముందున్న మెట్లు అరిగిపోయి మేస్త్రీ ఒక్కటే మిగిలింది.

ఇల్లు మాత్రం పట్టుబట్టి కింది అంతస్తులోనే తీసుకున్నాడు. "రోజంతా ఎక్కేది చాలదా, అన్నం తినడానికి కూడా ఎక్కాలా?" అన్నాడు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. అతను, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చే భార్య, ఆవిడ తల్లి. అత్తగారు ఒక పెద్ద హోటలు లాండ్రీలో నలభై ఏళ్ళకు పైగా ఆవిరి ఇస్త్రీ ముందు నిలబడ్డ మనిషి. ఆరేళ్ళ కిందట పని మానేసి కూతురి దగ్గరికి వచ్చింది. డెబ్బై రెండేళ్ళొచ్చినా వెన్ను వంగలేదు, నోరూ వంగలేదు.

అత్తా అల్లుళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత పగేమీ లేదు. అలాగని మాటలూ లేవు. "అల్లుడుగారు టీ తాగుతారేమో అడుగమ్మాయీ" అని ఆవిడ. "ఇప్పుడే తాగానని చెప్పు మీ అమ్మకి" అని ఇతను. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం, నడుమ భార్య పోస్టాఫీసు.

దీనికో పాత కారణం ఉంది. పెళ్ళి మాటలు జరుగుతున్నప్పుడు ఆవిడ ఎవరితోనో, "లిఫ్టులు బాగుచేస్తాడట. పైకీ కిందకీ ఊగే ఉద్యోగం, నిలకడుంటుందంటావా?" అన్న మాట మేస్త్రీ చెవిన పడింది. దానికి తోడు ఆవిడ లిఫ్టెక్కదు. ఒకసారి అతను స్వయంగా కొత్త తాళ్ళు వేసిన లిఫ్టు తలుపు పట్టుకుని "రండత్తయ్యా" అని పిలిస్తే, "మీరు పదండి, నేను నడిచొస్తా" అని నాలుగంతస్తులూ ఎక్కింది. నా పని మీద నమ్మకం లేదన్నమాట అనుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ముల్లు అక్కడే ఉంది.

కొన్నేళ్ళ కిందట, కంపెనీ ఏడాదికోసారి చేయించే పరీక్షల్లో అతనికి బీపీ ఎక్కువుందని తేలింది. మాత్రలు రాసిచ్చారు. ఒక నెల వేసుకుని మానేశాడు. భార్య గుర్తుచేస్తే, "రోజుకు నలభై అంతస్తులు ఎక్కేవాణ్ణి. రోగం నన్ను పట్టుకోవాలంటే ముందు అది మెట్లెక్కాలి" అనేవాడు.

రోగం మెట్లెక్కింది.

ఒక మధ్యాహ్నం పూట, ఆఫీసులన్నీ ఉన్న ఎత్తయిన భవనంలో లిఫ్టు ఆగిపోయింది. లోపల చిక్కుకున్నాయన తలుపులు బాదుతున్నాడు. ఆ చప్పుడు వింటూ మేస్త్రీ రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. ఎనిమిది దాటి తొమ్మిదికి మలుపు తిరిగేసరికి గుండె డబడబా కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది. ఇది మామూలే అనుకున్నాడు. అంతలో ఎడమ చేతిలోని సంచి జారింది. పట్టుకోబోతే చెయ్యి మాట వినలేదు. రెంచీలూ స్పానర్లూ గలగలమంటూ మెట్టు మెట్టుకీ దొర్లుకుంటూ పోయాయి. "అరెరె" అనబోయాడు. నోటి నుంచి ముద్ద ముద్దగా ఏదో వచ్చింది. గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. ఆ సంచి చప్పుడు విని ఏడో అంతస్తు ఆఫీసులోని వాళ్ళు పరుగెత్తుకొచ్చారు గనక సరిపోయింది. లేకపోతే ఎంతసేపు అలా ఉండేవాడో.

మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయింది. వేళకి ఆసుపత్రికి చేర్చడం వల్ల ప్రాణం దక్కింది. వారానికి మాట తిరిగొచ్చింది. రెండు నెలలకి చేతికర్ర సాయంతో ఎడమ కాలు కొంత మాట వినసాగింది. చెయ్యి మాత్రం మొండికేసింది.

అయితే కాలు వచ్చింది గానీ ఊపిరి రాలేదు. మంచం నుంచి వీధి గుమ్మానికి ఇరవై రెండు అడుగులు. ఆ ఇరవై రెండూ వేసేసరికి కొలిమి తిత్తిలా ఎగశ్వాస వచ్చేది. గుమ్మం పక్కన కుర్చీ వేసి ఉంచారు, అక్కడ కూలబడేవాడు. స్నానం చేసి వస్తే గంట నిద్ర. నలభై అంతస్తుల మనిషి చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. భార్య భయపడి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"గుండెలో లోపమేమీ లేదు, పరీక్షలన్నీ చేశాం" అన్నాడు డాక్టరు. "కానీ ఇన్ని నెలలు కదలక మెదలక ఉండేసరికి గుండె, ఊపిరితిత్తులు, కండరాలు అన్నీ సగానికి సగం చచ్చుబడ్డాయి. ఇలాగే ఉంటే మళ్ళీ జబ్బు తిరగబెట్టే ప్రమాదం కూడా ఎక్కువ. గుండె కాస్త గట్టిగా కొట్టుకునే పని దానికి క్రమం తప్పకుండా పడాలి. మామూలు మనిషినైతే గబగబా నడవమంటాం. మీరు అంత వేగంగా నడిస్తే పడిపోతారు. సైకిలు తొక్కితే ఎడమ పాదం జారుతుంది. అందుకే మా దగ్గర ఓ యంత్రం ఉంది. వారానికి మూడు రోజులు రండి."

ఆ యంత్రం పునరావాస విభాగంలో నాలుగో అంతస్తులో ఉంది. కింద కదిలే పట్టా. దాని మీద నిలబడ్డ మనిషి తుంటికీ మోకాలికీ సరిగ్గా సరిపోయేలా రెండు వైపులా లోహపు కాళ్ళు, వాటిలో మోటార్లు. పైనుంచి దిగిన తాడుకి, మనిషిని పట్టి ఉంచే ఒక నాడాల చొక్కా. ఎదురుగా పెద్ద తెర. దాన్ని నడిపే థెరపిస్టు అమ్మాయి పొడగరి, మాట స్టేషన్లో ప్రకటనలా ఖంగుమంటుంది. ఆమె నాడాలన్నీ బిగించి ఒక మీట నొక్కగానే మేస్త్రీ మడమలు పట్టా నుంచి కాస్త పైకి లేచాయి.

"ఇదేంటమ్మా, నన్ను మూటలా ఎత్తేస్తున్నావు?"

"మీ బరువులో మూడో వంతు ఆ తాడు మోస్తుందండీ. మిగతాది మీది."

అతని మొహం చాన్నాళ్ళకి వెలిగింది. "అంటే ఎదురుబరువన్నమాట! మా లిఫ్టులోనూ అంతేనమ్మా. మోటారు మొత్తం బరువు ఎత్తుతుందని జనం అనుకుంటారు. కాదు, అవతల వేలాడే ఎదురుబరువు పోగా మిగిలిన తేడానే ఎత్తుతుంది."

"అయితే మీకు నేను పాఠం చెప్పక్కర్లేదు" అని ఆ అమ్మాయి నవ్వింది. "ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఈ యంత్రం మీరు నిద్రపోయినా మీ కాళ్ళను నడిపిస్తుంది. అప్పుడు కసరత్తు దానికి, మీకు కాదు. మీరు కూడా దానితో పాటు తొడలతో తోయాలి. ఎంత తోస్తున్నారో ఆ తెర మీద తెలుస్తుంది. ఆకుపచ్చ గీత మీరు అందుకోవాల్సింది. పసుపు చుక్క మీరు."

మేస్త్రీ తలాడించాడు. యంత్రం గుయ్‌మంటూ కదిలింది. ఈడ్చుకుంటూ నడవడం అలవాటైన కాలు మోకాలు వంచి, మడమ ఆనించి, నిఖార్సయిన అడుగులు వేసింది. ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన భార్య గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మేస్త్రీ అంబారీ మీద ఊరేగుతున్న రాజులా తల ఎత్తుకుని నడిచాడు.

భార్యకి రోజూ సెలవు దొరకదు. ఆ తర్వాత నుంచీ అతన్ని తీసుకెళ్ళే పని అత్తగారి మీద పడింది. ఆసుపత్రి వ్యాను వీధి చివరికొచ్చి ఎక్కించుకునేది. అక్కడికెళ్ళాక అతను లిఫ్టులో, ఆవిడ మెట్ల మీద. నాలుగో అంతస్తులో అతను కర్ర ఊతంతో నిలబడి ఉంటే, ఆవిడ సంచీ చంకన పెట్టుకుని మెల్లగా ప్రత్యక్షమయ్యేది. ఇద్దరూ ఒక్క మాటైనా లేకుండా హాలు వైపు నడిచేవాళ్ళు. సంచీలో మంచినీళ్ళ సీసా, మడతపెట్టిన తువ్వాలు.

మూడు వారాలు గడిచాయి. పసుపు చుక్క గీత కిందే దేకుతోంది. "ఇంకొంచెం తోయండి" అని థెరపిస్టు అంటే ఒక్క క్షణం చుక్క లేచేది, మళ్ళీ దబ్బున పడిపోయేది. ఏమైందంటే మేస్త్రీ నీళ్ళు నమిలేవాడు. ఒకరోజు నిద్ర చాల్లేదు. ఒకరోజు మోకాలు పట్టేసింది. ఒకరోజు పట్టీ బిగువైంది. నాలుగో వారంలో ముక్కూ నోరూ కప్పే గొట్టాల మాస్కు పెట్టి, ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో కొలిచారు. మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. ఇంట్లో వీధి గుమ్మం దగ్గరి కుర్చీ కూడా అలాగే ఉంది.

"ఇంకో రెండు వారాలు చూద్దామండీ" అంది థెరపిస్టు, ఖంగుమనే గొంతు కాస్త తగ్గించి. "అప్పటికీ ఇలాగే ఉంటే ఈ సమయం వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది. వరసలో పదకొండు మంది ఉన్నారు."

ఆ రోజు వ్యాను రావడానికి ఇంకా అరగంట ఉంది. అత్తా అల్లుడూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. అత్తగారు సంచీలోంచి తువ్వాలు తీసి ఒళ్ళో పరిచింది. మడత మీద మడత అరచేత్తో నిమిరింది. తర్వాత, మధ్యలో కూతురు లేకుండా, నేరుగా అతని మొహంలోకి చూసి అడిగింది.

"ఈ తువ్వాలు నేను మూడు వారాలుగా ఉతకలేదు. తెలుసా?"

మేస్త్రీ తెల్లబోయి చూశాడు.

"ఉతకాల్సిన పని పడలేదు. పొడిగా తెస్తున్నాను, పొడిగా తీసుకెళ్తున్నాను. పక్క యంత్రం మీదున్న ఆ లావుపాటాయన దిగేసరికి నీళ్ళల్లో ముంచి తీసినట్టుంటాడు. మీకు నుదుటి మీద తడైనా ఉండదు. అల్లుడుగారూ, నేను లాండ్రీదాన్ని. ఒళ్ళొంచేవాడెవడో, ఒళ్ళు దాచుకునేవాడెవడో చొక్కా చూసి చెప్తాను. ఆరేళ్ళుగా మీ చొక్కాలు నా చేత్తో ఇస్త్రీ చేశాను. వీపు మీద ఉప్పు చారికలు లేని చొక్కా ఒక్కటంటే ఒక్కటి లేదు. అలాంటి మనిషి ఇప్పుడెందుకు ఒళ్ళు దాచుకుంటున్నారు?"

మేస్త్రీకి కోపం ముంచుకొచ్చింది. "మీకేం తెలుసని మాట్లాడుతున్నారు? నాడాలు బిగించి వేలాడదీస్తే తెలుస్తుంది" అని కర్ర పట్టుకుని లేచాడు. నాలుగడుగులు వేశాడు. ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాడు. ఇక వెళ్ళడానికి ఎక్కడికని? మళ్ళీ వచ్చి బల్ల మీదే కూర్చున్నాడు. 

"తోస్తే గుండె కొట్టుకుంటుంది అత్తయ్యా" అన్నాడు చివరికి.

"కొట్టుకోక? ఊరుకుంటే ప్రమాదం గానీ, కొట్టుకుంటే ఏం?"

అతను నవ్వలేదు. "అలా కాదు. ఆ రోజు మెట్ల మీద చెవుల్లో వినపడేంతగా కొట్టుకుంది. ఆ తర్వాతే సంచి జారిపోయింది. ఇప్పుడు తోయడం మొదలెట్టగానే అదే చప్పుడు. వినపడగానే ఎడమ చెయ్యి ఉందా పోయిందా అని చూసుకుంటాను. కాళ్ళు వాటంతటవే వదిలేస్తాయి. యంత్రం ఎలాగూ నడిపిస్తుందిగా… అలా నడుస్తుంటే ఏ భయమూ ఉండదు."

"మా అమ్మాయికి చెప్పారా?"

లేదన్నట్టు తల ఊపాడు.

అత్తగారు భయమెందుకని అనలేదు. ధైర్యంగా ఉండమనీ అనలేదు. తువ్వాలు మళ్ళీ మడతపెట్టి, "నేను లిఫ్టెందుకు ఎక్కనో మీరెప్పుడైనా అడిగారా?" అంది.

"అడిగేదేముంది? నా పని మీద నమ్మకం లేక."

"అయ్యో పిచ్చి నాయనా!" ఆవిడ నిజంగానే నోటి మీద చెయ్యి వేసుకుంది. "అమ్మాయి కడుపులో ఉన్నప్పటి మాట. ఏడో నెల. లాండ్రీ నేలమాళిగలో ఉండేది. తడి దుప్పట్ల బండి తోసుకుని సామాన్ల లిఫ్టెక్కాను. మధ్యలో ఆగిపోయింది. దీపం పోయింది. ఆ చీకట్లో, ఆ తడి వాసనలో రెండు గంటలు. అరిచి అరిచి గొంతు పోయింది. అవతల వంటవాడొకాయన తలుపు దగ్గర కూర్చుని, 'ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను' అని మాట్లాడుతూనే ఉన్నాడు. ఆఖరికి వచ్చి తలుపు తెరిచింది మీలాంటి మెకానిక్కే. మీ పనంటే నాకు చిన్నచూపా? ఆ పెట్టెలోకి మళ్ళీ అడుగుపెట్టడానికి నాకు గుండెల్లేవు, అంతే."

మేస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు. "మరి పెళ్ళి మాటలప్పుడు… పైకీ కిందకీ ఊగే ఉద్యోగమని అన్నారు కదా?"

"అన్నానా?" ఆవిడ నొసలు ముడేసి ఆలోచించింది. "అనే ఉంటాను. నా నోరు అలాంటిది. అది ఇరవై ఆరేళ్ళు దాచుకున్నారా? సిరా మరకైనా ఈపాటికి వదిలిపోయేది!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అతనికి నవ్వితే ఆయాసం, ఆయాసమొస్తే భయం, అయినా ఆగలేదు.

"నలభై ఎనిమిదేళ్ళు గడిచినా నాకు ఆ భయం పోలేదు" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "మీది దానంతటదే పోతుందని కూర్చోకండి. వెళ్ళి యంత్రం నడిపే ఆ అమ్మాయితో ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆ తర్వాత వెళ్ళిన రోజే చెప్పాడు. థెరపిస్టు తేలిగ్గా తీసిపారేయలేదు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇది మీరొక్కరే కాదండీ, చాలామంది పడే బాధే. కానీ ఒకటి వినండి. ఆ రోజు జబ్బు గుండె వేగంగా కొట్టుకోవడం వల్ల రాలేదు. ఏళ్ళ తరబడి మాత్రలు మానేసి బీపీని గాలికొదిలేశారు, దానివల్ల వచ్చింది. గుండె చప్పుడు పాపం ఆ సమయానికి అక్కడ ఉందంతే. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నారు. ఎక్కే ముందు, మధ్యలో, దిగాక మేం బీపీ చూస్తున్నాం."

మేస్త్రీ విన్నాడు. విని, అచ్చం మెకానిక్కులా అడిగాడు. "మా లిఫ్టు వేగం హద్దు దాటితే గవర్నరని ఒకటుంటుంది, అది తాడు పట్టేస్తుంది. లిఫ్టు కింద పడదు. దీనికేముంది?"

"మీ ఛాతీ పట్టీ గుండె వేగం చెప్తుంది. మీ హద్దు నూట పద్దెనిమిది. దాటితే యంత్రం మెల్లగా ఆగుతుంది. కుడి చేతిలో ఎర్ర బొత్తాం మీకే ఇస్తాం."

"చూపించు."

"ఏంటండీ?"

"ఉందంటే ఎలా నమ్మడం? మేం లిఫ్టు అప్పగించే ముందు గవర్నరు పనిచేస్తోందని చేసి చూపిస్తాం. నువ్వూ చూపించు."

ఆ అమ్మాయి ఒక్క క్షణం అతని వంక చూసింది. తర్వాత అతన్ని యంత్రానికి ఎక్కించి, హద్దును తొంభైకి దించి, "ఇప్పుడు తోయండి" అంది. తోశాడు. ఎనభై ఆరు, ఎనభై తొమ్మిది, తొంభై ఒకటి. టింగుమని మోగి పట్టా నెమ్మదించి ఆగిపోయింది. "మళ్ళీ" అన్నాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఎర్ర బొత్తాం తనే నొక్కి చూసుకున్నాడు.

"సరే. ఇప్పుడు నీ అసలు హద్దు పెట్టు."

యంత్రం కదిలింది. మేస్త్రీ తోశాడు. తొంభై ఎనిమిది. నూట నాలుగు. చెవుల్లో చప్పుడు మొదలైంది. చూపు ఎడమ చేతి మీదికి పోయింది. పసుపు చుక్క జారబోయింది. అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. తోడొచ్చినవాళ్ళు లోపలికి రాకూడదన్న నియమాన్ని పక్కకు నెట్టి అత్తగారు వచ్చి సరిగ్గా తెర పక్కన నిలబడింది.

"ఉన్నానండీ, ఇక్కడే ఉన్నాను" అంది. అని ఊరుకోలేదు. లాండ్రీ కబుర్లు ఎత్తుకుంది. సిరా మరకకి ఏం రాయాలో, తుప్పు మరకకి ఏం రాయకూడదో, ఒక పెద్దమనిషి కోటు జేబులో కట్టుడు పళ్ళు దొరికితే వాటిని కవర్లో పెట్టి ఎలా తిరిగిచ్చారో. ఎక్కడా గుక్క తిప్పుకోలేదు. మేస్త్రీ ఆ మాటల్ని పట్టుకుని తోశాడు. నూట పది. నూట పదమూడు. చప్పుడు చెవుల్లో ఉంది, ఎడమ చెయ్యీ దాని చోటే ఉంది. పసుపు చుక్క ఆకుపచ్చ గీతని తాకింది. తాకి, రెండు నిమిషాల నలభై సెకన్లు అక్కడే నిలబడింది.

కిందికి దించేసరికి కనుబొమల మీదుగా చెమట కారి కళ్ళలో పడి మండుతోంది. అందులో కన్నీళ్ళెన్నో ఎవరూ అడగలేదు. అత్తగారు తువ్వాలుతో మొహం, మెడ, వీపు తుడిచి, "ఇవాళ ఉతకాలి" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ మెట్ల వైపు పోలేదు. లిఫ్టు ముందు ఆగింది. "పదండి. మీ బండి ఎలా ఆడుతుందో చూద్దాం." లోపలికెళ్ళాక కళ్ళు గట్టిగా మూసుకుని, అతని ఎడమ చొక్కా చేతిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. అతను మెల్లగా చెప్తూ వచ్చాడు. "ఇది తలుపు పడిన చప్పుడు. ఇది బ్రేకు వదిలింది. ఇప్పుడు మూడు దాటాం. ఇది రెండు." కింద తలుపు తెరుచుకోగానే ఆవిడ గబుక్కున బయటపడి ఊపిరి పీల్చుకుంది.

"బానే ఉంది. ఎల్లుండి మాత్రం నేను నడిచే ఎక్కుతాను."

ఇంట్లో ఆ సాయంత్రం వేరే కథ నడిచింది. సంగతంతా తల్లి నోటి వెంట విన్న భార్య మొగుడి ముందుకొచ్చి నిలబడింది. కోపమంతా కళ్ళలోనే ఉంది.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు భయపడతావని."

"నేను భయపడకుండా ఉన్నానని ఎవరు చెప్పారు? షాపులో ఫోను మోగితే చాలు, అద్దం జారవిడుస్తున్నాను. ఈ నెలలో ఇప్పటికి నాలుగు పగలగొట్టాను. మీరో మూల భయపడి, నేనో మూల భయపడి… కలిసి భయపడితే ఏం పోయేది?"

మేస్త్రీ కర్ర పక్కన పెట్టాడు. కుడి చెయ్యి చాపాడు. ఆవిడ కాసేపు బింకంగా నిలబడి, తర్వాత పక్కన కూర్చుంది.

ఆ రోజుతో కష్టాలన్నీ తీరిపోయాయని కాదు. భయం పోయాక మేస్త్రీకి దూకుడు వచ్చింది. గీతని దాటి తోస్తానని మొండిపట్టు పట్టాడు. పట్టీ ఒరుసుకుని ఎడమ పిక్క మీద చర్మం లేచింది. ఆ కాలికి స్పర్శ సరిగ్గా లేక తనకు తెలియనే లేదు. థెరపిస్టు చివాట్లు పెట్టి వారం రోజులు ఇంటికి పంపించింది. ఇంకోసారి బీపీ ఎక్కువుందని ఎక్కనివ్వలేదు. అలిగి వ్యానులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అత్తగారు కూడా అటు వైపే చూస్తూ, "అలక బాగుందిగానీ, నిన్న మాత్ర వేసుకున్నారా?" అంది. వేసుకోలేదు. ఆ మర్నాటి నుంచి మాత్రల డబ్బా ఆవిడ తలగడ కిందికి మారింది.

రెండు నిమిషాల నలభై సెకన్లు ఐదు నిమిషాలైంది, పన్నెండైంది, మధ్యలో విరామాలతో అరగంటైంది. తాడు మోసే బరువు తగ్గించుకుంటూ వచ్చారు. వీధి గుమ్మం దగ్గరి కుర్చీ ఒకనాడు వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎవరు తీశారో ఎవరికీ గుర్తులేదు. పదహారో వారంలో మళ్ళీ మాస్కు పెట్టారు. "కిలో బరువుకి నిమిషానికి పద్నాలుగు మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకునేవారు, ఇప్పుడు పదిహేడు" అంది థెరపిస్టు.

"మూడేనా?" అన్నాడు మేస్త్రీ, దిగాలుగా.

"ఆ మూడు కోసమే మేమంతా ఇక్కడ ఉన్నామండీ. మీ వయసుకి ఉండాల్సిన దానికి ఇంకా చాలా దూరం ఉంది, అబద్ధం చెప్పను. కానీ మొదటి రోజు ఏ పనికి మీ ఊపిరంతా అయిపోయేదో, ఇప్పుడు ఆ పని చేశాక కూడా కొంత మిగులుతోంది."

ఆ మాట నిజమని అతనికి తెలుసు. ఆ పొద్దున్నే చొక్కా బొత్తాలన్నీ ఆగకుండా పెట్టుకున్నాడు.

ఎడమ చేతికి మాత్రం స్పానరు పట్టే బిగువు రాలేదు. ఇక రాదని డాక్టరు మెల్లగా చెప్పాడు. మేస్త్రీ ఆ రోజు భోజనం చేయలేదు. నెల తర్వాత కంపెనీ అతన్ని ఫిర్యాదులు తీసుకునే గదిలో కూర్చోబెట్టింది. మొదట్లో అది శిక్షలా తోచింది. తర్వాత ఒకరోజు ఏదో భవనం కాపలాదారు ఫోను చేసి లిఫ్టు వింతగా చప్పుడు చేస్తోందని అంటే, "ఫోను తలుపుకి ఆనించి ఒకసారి కిందికి పంపించు బాబూ" అన్నాడు. విని, "బ్రేకు పూర్తిగా వదలడం లేదు. ఎవరినీ ఎక్కనివ్వకు, మనిషిని పంపుతున్నా" అని చెప్పాడు. వెళ్ళిన మెకానిక్కు చూస్తే అంతే. అప్పటి నుంచి కొత్తగా చేరినవాళ్ళు మెట్లెక్కే ముందు అతని బల్ల దగ్గర ఆగి అడిగి వెళ్తున్నారు.

ఇప్పుడు పొద్దున్నే అతనూ భార్యా కలిసి బయల్దేరతారు. ఆవిడ షాపు దాకా పాతిక నిమిషాల నడక. అక్కడి నుంచి అతను బస్సెక్కుతాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఇలా ఒకే వేళకి ఒకే దారిన వెళ్ళడం ఇదే మొదలు. కర్ర కుడి చేతిలో, ఆవిడ ఎడమ పక్కన. దారి పొడుగునా అతనే మాట్లాడతాడు. ఏ భవనం లిఫ్టు ఎప్పుడు వేశారు, ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారు, పెళ్ళికి ముందు తనెక్కడ అద్దెకుండేవాడు, అన్నీ.

"ఇన్నేళ్ళలో ఇన్ని మాటలు మీ నోట వినలేదు" అంది భార్య మొన్న, షాపు షట్టరు పైకెత్తుతూ.

"అయితే ఆపేయనా?"

"ఆపకండి. పదకొండో అంతస్తులో ఇరుక్కున్న ఆ పెళ్ళికొడుకు సంగతి సగంలో ఉంది. బస్సు వచ్చేదాకా చెప్పండి."

మేస్త్రీ గోడకి కర్ర ఆనించి, గొంతు సవరించుకుని, సగంలో ఆపిన చోటు నుంచి మొదలెట్టాడు.